ముందు తూకం వెయ్యండి
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నెల రోజుల కిందట మన సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "మీరు చిన్న పరిశ్రమల వాళ్ళకి శిక్షణ ఇస్తూ ఉంటారు కదా, ఒక అరగంట మాట్లాడాలి" అన్నారు. "సర్క్యులర్ ఎకానమీ అని పేపర్లలో తరచూ రాస్తున్నారు. అదేమిటో, దానివల్ల మన ఊళ్ళ వాళ్ళకి ఒరిగేదేమిటో చెప్పండి" అని కూడా అన్నారు. సరే అన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం కొంచెం భయం వేసింది. సభలో ఉపన్యాసం చెప్పి దాన్నే శిక్షణ అనుకోవడం నేను చాలా ఏళ్ళు చేసిన తప్పు. ఆ తప్పు గురించే ఇవాళ మీతో మాట్లాడతాను.

ముందు మాట అర్థం చూద్దాం. ముడిసరుకు తెస్తాం, వస్తువు చేస్తాం, వాడతాం, పారేస్తాం. ఇది ఒక గీత లాంటి వ్యాపారం. ఒక చివర ఖర్చు, రెండో చివర చెత్త. అలా కాకుండా ఒక షాపులో మిగిలింది మరో షాపుకి ముడిసరుకు కావడం, పాడైన వస్తువు బాగయి తిరిగి పనిలోకి రావడం, అరిగిన లోహం కరిగి కొత్త పాత్ర కావడం, అన్నిటికన్నా ముందు అసలు వృథానే తగ్గడం - ఈ చక్రాన్నే సర్క్యులర్ ఎకానమీ అంటున్నారు. కొందరు తెలుగులో చక్రీయ ఆర్థిక వ్యవస్థ అని రాస్తున్నారు. పేరు కొత్తది. పని మనకి కొత్త కాదు.

మనం కూర్చున్న చోటు నుంచే మొదలుపెడదాం. వంశధార ఒడ్డున ఉన్న ఈ ఊరి స్వామి పేరు మధుకేశ్వరుడు. మధుకం అంటే ఇప్ప చెట్టు. స్వామి ఇప్ప చెట్టులో వెలిశాడనీ, సవరలు ఆ చెట్టు నరికినప్పుడు బయటపడ్డాడనీ స్థలపురాణం చెబుతుంది. కొండ మీది వాళ్ళనడగండి, ఇప్ప చెట్టులో పారేసేది ఏముందని. పువ్వు ఎండబెట్టి తింటారు. గింజ నుంచి నూనె తీస్తారు. నూనె తీశాక మిగిలిన పిండి పొలానికి ఎరువు. మొద్దు దేవుడయ్యాడు.

ఇక్కడికి దగ్గర్లోనే సారవకోట మండలంలో బుడితి ఉంది. బుడితి ఇత్తడి, కంచు పనికి భౌగోళిక గుర్తింపు ఉంది. మన అమ్మమ్మల కాలంలో అక్కడి పాత్ర చిల్లిపడితే దాన్ని పారేసేవారు కాదు. పాత పాత్ర తూకం వేసి ఇస్తే, తరుగు తీసేసి, మజూరీ తీసుకుని కొత్తది ఇచ్చేవారు. ఆకురాయితో రాసినప్పుడు రాలిన పొడి కూడా ఊడ్చి మళ్ళీ మూసలో వేస్తారు. ఇటు పొందూరు చూడండి. ఖద్దరు కోసం పత్తి శుభ్రం చేసేది వాలుగ చేప దవడ ఎముకతో. చేపను తిన్నాక పారేసే ఎముక అక్కడ పనిముట్టయింది. అటు బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస మొద్దు నుంచి వీణ చెక్కుతారు. మిగిలిన చెక్కతో చిన్న బొమ్మ వీణలు చేసి అమ్ముతారు. సన్మాన సభల్లో మనం ఇచ్చుకునే జ్ఞాపిక అదే.

ఇంత తెలిసిన వాళ్ళకి మళ్ళీ శిక్షణ ఎందుకు?

నాకు తోచిన సమాధానం చెబుతాను. బుడితిలో కుర్రాడు తండ్రి పక్కన కొలిమి దగ్గర కూర్చుని పని నేర్చుకున్నాడు. లోహం ఎంత విలువైనదో, పొడి ఎందుకు ఊడ్చాలో ఆ పనితోపాటే వంటబట్టింది. ఇప్పటి మన వ్యాపారాలు అలా వచ్చినవి కావు. రైసు మిల్లులు, పలాస జీడి పరిశ్రమలు, టెక్కలి గ్రానైటు పాలిషింగు యూనిట్లు, ఉద్దానంలో కొబ్బరి పీచు మిల్లులు, ప్రతి జంక్షన్లోనూ మెకానిక్ షెడ్లు - వీటిలో చాలావరకు ఒకటి రెండు తరాలలో వచ్చినవే. మెషీన్ అమ్మినవాడు స్విచ్ ఎలా వెయ్యాలో చెప్పి వెళ్ళాడు. ఒక వైపు నుంచి సరుకు వస్తుంది. రెండో వైపు నుంచి రాలిపడే దాన్ని ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. ఆ మిగిలిన పాఠం చెప్పడమే నా దృష్టిలో శిక్షణ.

ఆ పాఠం ఎలా చెప్పకూడదో నేను కష్టపడి నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పట్టణంలో చిన్న పరిశ్రమల వాళ్ళకి ఒక రోజు సదస్సు పెట్టాం. అరవై మంది వచ్చారు. పెద్ద హాలు, తెర మీద బొమ్మలు, బాణం గుర్తులతో చక్రాలు. జపాన్ గురించి చెప్పాను, జర్మనీ గురించి చెప్పాను. మధ్యాహ్నం భోజనాలు, సాయంత్రం సర్టిఫికెట్లు, ఫొటోలు. అందరూ చప్పట్లు కొట్టారు. హాలు ఖాళీ అవుతుంటే వెనక వరసలో కూర్చున్న ఒకావిడ దగ్గరికి వచ్చింది. భర్తతో కలిసి చిన్న జీడిపిక్కల షెడ్డు నడుపుకుంటోంది. "బావూ, మీరు సెప్పిందంతా బాగుంది. గానీ రేపు పొద్దున్న నానేటి సెయ్యాల?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. ఆవిడ షెడ్డులో ఏం మిగులుతోందో, ఎంత మిగులుతోందో నాకు తెలియదు. నిజానికి ఆవిడకీ తెలియదు. ఉదయం నుంచి సాయంత్రం దాకా ఇద్దరం లెక్క లేని విషయం గురించే మాట్లాడుకున్నామన్నమాట. మర్నాడు బస్సెక్కి ఆవిడ షెడ్డుకి వెళ్ళాను. తెర, బొమ్మలు తీసుకెళ్ళలేదు. ఒక కాటా, ఒక వంద పేజీల నోటుబుక్కు పట్టుకెళ్ళాను.

ఒక్క వారం పది బస్తాల పిక్కకి లెక్క రాశాం. బస్తా 80 కిలోలు, మొత్తం 800 కిలోలు. పప్పు 212 కిలోలు వచ్చింది. పొట్టు 20 కిలోలు. తొక్క 530. మిగతాది తేమ, తరుగు. ఆ 212 కిలోల పప్పులో గుండు ఎంత, బద్ద ఎంత, ముక్క ఎంత అని విడివిడిగా తూచాం. నేను తొక్క గురించి మాట్లాడదామని వెళ్ళాను. పుస్తకం మాత్రం వేరే సంగతి చెప్పింది. ఆవిడకి అసలు నష్టం తొక్కలో కాదు, ముక్కలో ఉంది. గుండు పప్పుకి వచ్చే ధరకీ ముక్కకి వచ్చే ధరకీ ఎంత తేడా ఉందో ఇక్కడున్న వ్యాపారులకి నేను చెప్పక్కర్లేదు.

పప్పు ఎందుకు విరుగుతోంది? యజమానికి తోచలేదు, నాకు తోచలేదు. పిక్క కొట్టే అమ్మలలో ఒక పెద్దావిడ చెప్పింది. చిన్న పిక్క, పెద్ద పిక్క కలిపి ఒకే ఆవిరిలో పెడుతున్నారు. చిన్నది ఎక్కువ ఉడుకుతోంది, పెద్దది సరిగ్గా ఉడకడం లేదు. తర్వాత ఒకే కొలత మీద కోస్తే ఒకటి చితుకుతోంది, ఒకటి బద్దలవుతోంది. ముందే జల్లెడ పట్టి మూడు సైజులు చేసుకుంటే సరిపోతుంది. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను. "మాకు తెల్దేటి బావూ? ఎవులూ అడగనేదు" అంది.

ఆ మాట నాకు ఉద్యోగమంతా పనికొచ్చింది. యజమానిని ఒక్కణ్ణే పిలిచి హాల్లో కూర్చోబెట్టి ఇచ్చే శిక్షణ సగం శిక్షణే. వృథా ఎక్కడ జరుగుతోందో రోజూ చేత్తో తీసేవాళ్ళకి తెలుస్తుంది. వాళ్ళు కూడా కూర్చోవాలి, వాళ్ళని అడగాలి.

జల్లెడ కొన్నారు. ముక్క తగ్గింది. అప్పుడు తొక్క దగ్గరికి వచ్చాం. ఇందులో ఒక మెలిక ఉంది, వినండి. పాత పద్ధతిలో పిక్కని డ్రమ్ములో వేయించేవారు. అప్పుడు తొక్కలోని నూనె చాలావరకు కాలిపోయేది, ఊరంతా పొగ. ఆవిరి మీద ఉడికిస్తే ఆ నూనె తొక్కలోనే నిలుస్తుంది. దాన్ని గానుగ పట్టి తీస్తే రంగుల తయారీకి, వాహనాల బ్రేకు లైనింగులకి, రెజిన్లకి ముడిసరుకవుతుంది. నూనె తీశాక మిగిలిన పిప్పి బాయిలరుకి వంట చెరకు. అంటే ఉడికించే పద్ధతి మారగానే చెత్త సరుకయింది. అయినా ఆవిడ తొక్కని వానలో కుప్పపోసి ఉంచేది. తడిసిన తొక్కకి కొనేవాడు తూకంలో కోత వేసేవాడు. రేకుల పంచ ఒకటి దింపి తొక్క ఆరబెట్టడం మొదలుపెట్టాక ఆ కోత ఆగింది. మెషీన్ కొనలేదు, అప్పు చెయ్యలేదు. కాటా, జల్లెడ, నాలుగు రేకులు, అంతే.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. జీడి నూనె చర్మాన్ని కాలుస్తుంది. పిక్క కొట్టే అమ్మలు బూడిద, ఆముదం రాసుకుని పని చేస్తారు. వాళ్ళ వేళ్ళు చూసినవాళ్ళకి నేను వర్ణించక్కర్లేదు. తొక్కకి మంచి ధర వచ్చిందని యజమాని సంతోషపడి, ఆ డబ్బులో చేతి తొడుగులకి పది రూపాయలు పక్కన పెట్టకపోతే ఆ చక్రం సగంలో ఆగినట్టే. అలాగే ఇళ్ళ మధ్య తొక్క తగలబెట్టి "చెత్తని ఇంధనం చేశాం" అంటే కుదరదు. ఆ పొగ పక్కింటి పిల్లల ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. మన చెత్త పక్కవాడి మీద పడితే దాన్ని సర్క్యులర్ ఎకానమీ అనరు.

శిక్షణతో నిజంగా మనుషులు మారతారా అని అడిగేవాళ్ళున్నారు. దానికి మన తెలుగు నేల మీద జరిగిన పరీక్షే ఒకటి ఉంది. హైదరాబాద్ యూసుఫ్‌గూడలో ఇప్పుడు ని-ఎంఎస్‌ఎంఈ అని పిలిచే జాతీయ సంస్థ ఉంది. అప్పట్లో దాన్ని సియెట్ అనేవారు. 1964లో హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లీలాండ్ బృందం కాకినాడ నుంచి సుమారు యాభై మంది చిన్న వ్యాపారులను జట్లుగా అక్కడికి పిలిచి శిక్షణ ఇచ్చింది. ఆ తర్వాత వాళ్ళు ఏం చేశారో గమనించి, శిక్షణ పొందని వ్యాపారులతో పోల్చింది. శిక్షణ పొందినవాళ్ళలో కొత్త పనులు మొదలుపెట్టినవాళ్ళు, కొత్తగా పెట్టుబడి పెట్టినవాళ్ళు ఎక్కువగా కనిపించారు. 1969లో అది పుస్తకంగా వచ్చింది. ప్రపంచమంతటా మేనేజ్‌మెంట్ తరగతుల్లో నేటికీ దాన్ని కాకినాడ ప్రయోగం అంటారు.

ఆ శిక్షణ పద్ధతిలో ఒక ఆట ఉంటుంది. నేల మీద ఒక మేకు, చేతిలో రింగులు. ఎంత దూరంలో నిలబడి విసురుతావో నువ్వే తేల్చుకో అంటారు. కొందరు మేకు పక్కనే నిలబడతారు, గెలుస్తారు గాని లాభం లేదు. కొందరు గది చివర నిలబడతారు, తగిలితే అదృష్టం. తనకి చేతనైనదానికన్నా ఒక అడుగు దూరంలో నిలబడి, తప్పితే సరిచేసుకుని మళ్ళీ విసిరేవాడే వ్యాపారంలో పైకొస్తాడని ఆ ఆట నేర్పుతుంది. నేను నేర్చుకున్నది ఏమిటంటే, లక్ష్యం పెట్టుకోవలసింది మాస్టారు కాదు, నేర్చుకునేవాడు. "ఈ నెల ముక్క పది కిలోలు తగ్గిస్తాను" అని ఆ జీడి షెడ్డు ఆవిడ తన చేత్తో తన పుస్తకంలో రాసుకుంది. ఆ రాతకున్న బలం నా ఉపన్యాసానికి లేదు.

రెండో సంగతి కూడా మన దేశంలో చేసి చూసినదే. 1993లో ఐక్యరాజ్యసమితి పారిశ్రామికాభివృద్ధి సంస్థ, మన జాతీయ ఉత్పాదకతా మండలి కలిసి చిన్న పరిశ్రమల్లో వృథా తగ్గించే ప్రాజెక్టు ఒకటి చేశాయి. డిజైర్ అని దాని పేరు. గడ్డి, పిప్పి లాంటి వాటితో కాగితం చేసే మిల్లులు, బట్టలకి రంగులద్దే యూనిట్లు, పురుగుమందులు కలిపే యూనిట్లు తీసుకుని అక్కడే కూర్చుని లెక్కలు కట్టారు. బయటపడిన ఉపాయాల్లో ఎక్కువ భాగం పెద్ద పెట్టుబడి అక్కర్లేనివే. కారే పంపు బాగుచెయ్యడం, కడిగిన నీళ్ళు మళ్ళీ వాడడం, కొలిచి కలపడం లాంటివి. ఆ తర్వాత అదే సంస్థ "వృథా తగ్గింపు బృందాలు" అని మొదలుపెట్టింది. ఒకే రకం వ్యాపారం చేసే ఐదారుగురు ఒక బృందం. నెలకొకరి యూనిట్‌లో కలుస్తారు. ఒకరి షాపు మిగతావాళ్ళు తిరిగి చూసి లోపాలు చెబుతారు. మనింట్లో బూజు మనకి కనపడదు, చుట్టాలొస్తే కనపడుతుంది కదా, అలాగే.

ఒకరి మిగులు మరొకరికి ఎలా చేరుతుందో ఒక చిన్న సంఘటన చెబుతాను. ఇది మన బడి సంగతే. మన పూర్వ విద్యార్థి ఒకాయనకి రైసు మిల్లు ఉంది. పేరు చెప్పను, ఆయన ఇక్కడే కూర్చుని నవ్వుతున్నారు. క్వింటాలు ధాన్యం ఆడిస్తే 20 కిలోల పైన ఊక వస్తుంది. ఆ ఊకనే బాయిలర్లో కాలుస్తారు. కాలాక దానిలో అయిదో వంతు బూడిద మిగులుతుంది. ఆ బూడిదని ట్రాక్టరుకి అద్దె ఇచ్చి మరీ కాలవ గట్టు మీద పోయించేవారు. గాలొస్తే సైకిల్ మీద బడికి వెళ్ళే పిల్లల కళ్ళల్లో పడేది. అక్కడికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఇటుకల బట్టీ ఉంది. ఆ బట్టీ ఆయన ఊక, బూడిద కోసం వేరే మండలం నుంచి లారీ తెప్పించుకుంటున్నారు. ఇద్దరూ ఈ బడిలో రెండేళ్ళ తేడాతో చదివినవాళ్ళే. ఒకరు పారేస్తున్నారని రెండోవారికి తెలియదు. రెండేళ్ళ కిందట మన సంఘం సమావేశంలో టీ తాగుతూ మాట్లాడుకుంటే బయటపడింది. ఇప్పుడు మిల్లు ఆయనకి అద్దె ఖర్చు లేదు, బట్టీ ఆయనకి లారీ ఖర్చు లేదు.

తూకం అలవాటయ్యాక ఆ మిల్లాయన ఇంకోటి కనిపెట్టారు. బూడిద నల్లగా వస్తోందంటే ఊక పూర్తిగా కాలడం లేదని అర్థం. బాయిలరుకి గాలి సర్దుకున్నాక అంతే ఆవిరికి తక్కువ ఊక సరిపోతోంది. మిగిలిన ఊక అమ్ముకుంటున్నారు. బాగా కాలిన ఊక బూడిదలో ఎనభై అయిదు, తొంభై శాతం సిలికా ఉంటుంది. సిమెంటు కలిపేవాళ్ళకి, ఉక్కు కర్మాగారాలకి అది అవసరం. అటువైపు వెళ్ళే దారి కూడా తెరుచుకుని ఉంది.

డెన్మార్క్‌లో కలుండ్‌బోర్గ్ అనే చిన్న ఊరు ఉంది. ప్రపంచంలో ఎక్కడ సర్క్యులర్ ఎకానమీ గురించి పాఠం చెప్పినా ఆ ఊరి పేరు చెబుతారు. 1972లో అక్కడి నూనె శుద్ధి కర్మాగారం తన మిగులు గ్యాసుని పక్కనున్న జిప్సం పలకల ఫ్యాక్టరీకి ఇవ్వడం మొదలుపెట్టింది. తర్వాత విద్యుత్ కేంద్రం ఆవిరి మందుల ఫ్యాక్టరీకి వెళ్ళింది. ఒకదాని తర్వాత ఒకటి చేరాయి. దీనికి ముందుగా గీసుకున్న ప్లాను ఏదీ లేదు. ఊరు చిన్నది కాబట్టి ఫ్యాక్టరీల మేనేజర్లు ఒకరికొకరు తెలుసు, మాట మాట కలిసి ఒప్పందాలయ్యాయి. మన మిల్లు, బట్టీ సంగతీ అంతే కదా! ఆ పరిచయం మనకి ఈ బడి ఇచ్చింది.

ఉద్దానం సంగతి కూడా చెప్పాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి కొబ్బరి తోటలు నేలకూల్చింది. చెట్టు మళ్ళీ కాపుకి రావడానికి ఏళ్ళు పడుతుంది. కాయ తక్కువైనప్పుడు ఉన్న కాయలో ఏదీ పోనివ్వకూడదు. కొబ్బరి డొక్క నుంచి కిలో పీచు తీస్తే రెండు కిలోల పొట్టు మిగులుతుంది. ఆ పొట్టు మిల్లుల చుట్టూ కొండల్లా పేరుకుని, వానకి ఎర్రటి నీరు దిగి, పక్క పొలం రైతుతో గొడవలు తెస్తుంది. అదే పొట్టుని బాగా కడిగి, కుళ్ళబెట్టి, నొక్కి ఇటుకలు చేస్తే నర్సరీల వాళ్ళు కొంటారు, అది నీటిని అంత బాగా పట్టి ఉంచుతుంది. పొట్టు కుళ్ళడానికి వాడే శిలీంధ్రం కాయర్ బోర్డు ఇస్తుంది, శిక్షణ కూడా ఇస్తుంది. కొన్ని మిల్లులు అటు వెళ్ళాయి. వెళ్ళనివాళ్ళని అడిగితే "కొనేవాడు ఎక్కడున్నాడో తెలీదు" అంటారు. అందుకే చెయ్యడం నేర్పి వదిలేస్తే చాలదు, కొనేవాడిని చూపించేదాకా శిక్షణ పూర్తికాదు. గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో ఒక మంచి నియమం ఉంది. శిక్షణ ఉచితం, ఆ తర్వాత రెండేళ్ళ పాటు వెంట ఉండి చూడాలి. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన పద్ధతి అది. ఆ రెండేళ్ళే అసలు శిక్షణ అని నేనంటాను.

ప్రభుత్వ పథకాలున్నాయి, వాటి గురించీ క్లుప్తంగా చెప్పాలి. ఆహార సరుకులు తయారుచేసే చిన్న యూనిట్లకి 2020లో వచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో 35 శాతం, 10 లక్షల దాకా రాయితీ పెట్టారు. 2023 డిసెంబరులో కేంద్ర ఎంఎస్‌ఎంఈ శాఖ సర్క్యులర్ ఎకానమీ కోసమే స్పైస్ అనే పథకం తెచ్చింది. అందులో 25 శాతం, పన్నెండున్నర లక్షల దాకా రాయితీ. కాని అది ప్లాస్టిక్, రబ్బరు, ఎలక్ట్రానిక్ చెత్త రంగాల కోసం. మన జీడి తొక్క, ఊక బూడిద, కొబ్బరి పొట్టు అందులోకి రావు. అవి కూడా చేర్చమని మనలాంటి సంఘాలు అడగాలి. అడగాలంటే మన దగ్గర లెక్కలుండాలి. మళ్ళీ కాటా దగ్గరికే వచ్చాం.

ఇప్పుడు మన సంఘం ముందు మూడు చిన్న పనులు పెడుతున్నాను.

ఒకటి, తూకం పుస్తకం. సొంత వ్యాపారం ఉన్న పూర్వ విద్యార్థులు ఎవరైనా సరే - మిల్లు, బేకరీ, టైలరింగ్, మెకానిక్ షెడ్డు, హోటలు - వచ్చే నెలలో ఒక్క వారం మీ దగ్గర మిగిలేది తూచి రాయండి. రోజూ నాలుగు గడులు చాలు. వచ్చింది, తయారైంది, మిగిలింది, మిగిలినది ఎక్కడికి పోయింది. లెక్కల మాస్టారు ఒప్పుకుంటే తొమ్మిదో తరగతి పిల్లలు సెలవు రోజున మాస్టారితో వచ్చి ఆ అంకెలు తీసుకుని శాతాలు కడతారు. పుస్తకంలో శాతాల లెక్క మనందరం చేశాం, దేనికో తెలియకుండా చేశాం. వీళ్ళు తెలిసి చేస్తారు.

రెండు, ఆరుగురి బృందం. ముందు ఒక్క బృందం చాలు. నెలకొకరి షాపులో కలుద్దాం, ఆ షాపు పనివాళ్ళు కూడా మనతో కూర్చోవాలి. మొదటి ఏడాది నేను ప్రతి సమావేశానికీ వస్తాను. దారి ఖర్చులు నావే.

మూడు, "ఉంది - కావాలి" బోర్డు. మన వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే శుభోదయం పువ్వులు పెట్టుకుంటున్నాం, పెట్టుకుందాం. వారానికొకసారి మాత్రం నా దగ్గర ఇది మిగిలింది, నాకు ఇది కావాలి అని రెండు ముక్కలు రాద్దాం. బడి గోడ మీద కూడా ఒక నల్లబల్ల పెడదాం, ఫోను లేనివాళ్ళకోసం.

శివరాత్రికి చక్రతీర్థ స్నానానికి ఎన్ని ఊళ్ళ జనం ఇక్కడికి వస్తారో మీకు తెలుసు. మర్నాడు ఇసుకలో మిగిలే కొబ్బరి చిప్పలు, పూలు, ప్లాస్టిక్ సంచులు కూడా మీకు తెలుసు. మన బృందం నిలదొక్కుకుంటే వచ్చే శివరాత్రికి వాటిని కూడా తూచి, ఏది ఎవరికి పనికొస్తుందో దేవస్థానం వారి ముందు పెడదాం. చిన్న వ్యాపారం నిలబడితే మన పిల్లలు కొందరైనా చెన్నై, హైదరాబాద్ రైళ్ళెక్కకుండా ఇక్కడే ఉంటారు. ఈ బడి తరగతి గదుల్లో పిల్లలుంటారు. నాకు ఆశ అంతే.

చివరగా ఒక మాట. ఇవాళ మధ్యాహ్నం భోజనం అడ్డాకుల విస్తళ్ళలో పెడుతున్నారని కార్యదర్శి గారు చెప్పారు. కొండ మీది అమ్మలు కుట్టిన ఆకులవి. తిన్నాక వాటిని బడి తోటలో గొయ్యిలో వెయ్యండి, వెనక కొబ్బరి చెట్ల దగ్గర తవ్వించి ఉంచాం. గొయ్యి పక్కనే ఒక కాటా పెట్టించాను. తొమ్మిదో తరగతి పిల్లలు అక్కడ నిలబడి ఉంటారు, మీ విస్తరి మాత్రమే కాదు, అందులో మీరు వదిలేసిన అన్నం కూడా తూచి రాస్తారు. సిగ్గుపడొద్దు. లెక్క సాయంత్రం సభలో చదువుతారు. మన మొదటి తూకం పుస్తకంలో మొదటి పేజీ అదే.